‘టు’ కాదు, ‘ఫర్’

జూన్ 14

పిచ్చుకా,

బాబాయ్ ఉత్తరం రాశాడేమిటి, ఫోను పాడైందా అనుకుంటున్నావు కదూ. ఫోను బాగానే ఉంది, మొరాయిస్తున్నది నా కుడిచెవి. అదీగాక నేను అడగబోయేది ఫోనులో చెబితే గాలికి పోతుంది. కాగితం మీదైతే నువ్వు దిద్దొచ్చు.

మా స్కూలు చేతులు మారింది. కొత్త ప్రిన్సిపాల్ మొదటి రోజే అందర్నీ హాల్లో నిలబెట్టి, ఇకనుంచి ఈ స్కూల్లో కాగితం మీద పడే ప్రతి అక్షరమూ ఇంగ్లీషులోనే పడాలన్నాడు. టీచర్లకే కాదు, నాలాంటి ల్యాబ్ అసిస్టెంటుకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ అదే రూలు. ఏడాది చివర పరీక్ష, తప్పినవాళ్ళు ఇంటికి. వాచ్‌మన్ నా చెవిలో, “గేటు తెరవడం ఒక్కటేనా, మూయడం కూడా ఇంగ్లీషులోనేనా” అన్నాడు. నవ్వినవాళ్ళమంతా బయటికొచ్చి తలలు పట్టుకున్నాం.

నేనీ ల్యాబులో చేరినప్పుడు నువ్వు గౌన్లేసుకునేదానివి. సెలవులకొస్తే నీకు నీలం రంగు మైలుతుత్తం గడ్డలు చూపించేవాణ్ణి. నాకు ‘సీసాల బాబాయ్’ అని పేరు పెట్టింది నువ్వే. అప్పట్నుంచీ ఏం కావాలన్నా తెలుగులో చీటీ రాసిస్తే వారం తిరక్కుండా వచ్చేది. ఇప్పుడు మూడో బల్ల మీది బర్నర్‌కి గ్యాస్ వెళ్ళే రబ్బరు గొట్టం ఎండి పగుళ్ళిచ్చింది. తెలుగు చీటీ తిప్పి పంపారు. సరే అని నాకొచ్చిన ఇంగ్లీషులో ‘రిక్వెస్ట్ ఆఫ్ రబ్బర్ ట్యూబ్’ అని మొదలుపెట్టి నాలుగు ముక్కలు రాశాను. మర్నాడు చూస్తే ఆ కాగితం స్టాఫ్ రూము బోర్డు మీదుంది, తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలతో. నా సిరాకన్నా వాళ్ళ సున్నాలే ఎక్కువ కనిపించాయి. టీ తాగుతూ అందరూ చదివారు. కెమిస్ట్రీ మేడమ్ నవ్వలేదు గానీ, తీసి పడేయనూ లేదు.

గొట్టం రాలేదు. ‘ఆఫ్’ ఎందుకు తప్పో కూడా ఎవరూ చెప్పలేదు. ఊరందరికీ ఇంగ్లీషు నేర్పుతున్నావు, ఇంట్లోవాణ్ణి ఒకణ్ణి చేర్చుకో.

వదినకి నమస్కారాలు. నీ పెళ్ళి మాట అడగమని పిన్ని పోరుతోంది. నేను అడగను.

నీ సీసాల బాబాయ్


జూన్ 25

బాబాయ్,

నీ ఉత్తరం రెండు క్లాసుల మధ్య మెట్ల మీద కూర్చుని చదివాను. వాచ్‌మన్ మాటకి నవ్వొచ్చింది, బోర్డు సంగతికి ఒళ్ళు మండింది. మాదీ అలాంటి కొలువే. చెప్పుల దుకాణం పైన రెండు గదులు, అందులో పొద్దుట్నుంచీ బ్యాచి మీద బ్యాచి. మా ఓనరు మేము టీకి వెళ్ళొచ్చే సమయం గడియారం చూసి రాసుకుంటాడు.

సరే, పాఠం. ‘రిక్వెస్ట్’ తర్వాత ‘ఫర్’ వస్తుంది. ఎందుకని అడక్కు. ఇంగ్లీషులో ప్రతి నౌన్‌కీ, అంటే పేరు చెప్పే మాటకి, వెనకాల ఒక చిన్న మాట తగులుకుని వస్తుంది. దాన్ని ప్రిపొజిషన్ అంటారు. మన ‘కి’, ‘తో’, ‘మీద’ లాంటిదే అనుకో. కాకపోతే మన తెలుగు అర్థాన్ని పట్టుకుని పెడితే తప్పుతుంది. ఎవరికెవరు జతో వాళ్ళు ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు, మనం బట్టీ కొట్టడమే. రీజన్ ఫర్, నీడ్ ఫర్, కాజ్ ఆఫ్, డ్యామేజ్ టు, ఇంట్రెస్ట్ ఇన్, ఎఫెక్ట్ ఆన్, సొల్యూషన్ టు, రెస్పాన్సిబిలిటీ ఫర్. ముందు వీటిని నమిలి మింగు.

వీటితో నీ ల్యాబు గురించే వాక్యాలు రాసి పంపు, దిద్ది పంపుతాను. ఒక్క షరతు. నేను చూడకుండా ఏ కాగితమూ ఆఫీసులో ఇవ్వకు. నిన్ను మళ్ళీ బోర్డుకెక్కిస్తే నేను భరించలేను.

అమ్మ కులాసా. మోకాళ్ళ నొప్పి తప్ప వేరే ఊసు లేదు.

నీ పిచ్చుక, ప్రస్తుతానికి నీ పంతులమ్మ


జూలై 6

పంతులమ్మకి,

నమిలాను, మింగుడుపడ్డం లేదు. లైబ్రరీలోంచి డిక్షనరీ ఒకటి తెచ్చుకుని మరికొన్ని చూశాను. చూసినకొద్దీ ఆశ్చర్యం. మనకి ప్రేమైనా మనిషి మీదే, కోపమైనా మీదే. నమ్మకం, జాలి, అనుమానం, బెంగ, అన్నీ మీదే. పిన్నికి నా మీద ప్రేమ ఎక్కువో కోపం ఎక్కువో ఇన్నేళ్ళయినా నాకు తేలకపోవడానికి కారణం ఇదేనేమో, రెండూ ఒకచోటే కూర్చుంటాయి. వాళ్ళేమో ప్రేమకి ‘ఫర్’ అంటారు, కోపానికి ‘ఎట్’, నమ్మకానికి ‘ఇన్’, అనుమానానికి ‘ఆఫ్’. ఒక్క మనిషికి ఇన్ని గుమ్మాలా అని పిన్నితో అంటే, “వాళ్ళిళ్ళు పెద్దవై ఉంటాయి లెండి” అంది.

ఇంకో సందేహం. ‘సొల్యూషన్ టు’ అన్నావు. నా చేతుల మీదుగా వెళ్ళే సీసాలన్నిటి మీదా ‘సొల్యూషన్ ఆఫ్’ అనే ఉంది. ఉప్పు సొల్యూషన్ ఆఫ్ సాల్టే కదా. సీసాలవాళ్ళు తప్పా, నువ్వు తప్పా?

తొమ్మిదో తరగతిలో రెండు జడల పిల్ల ఒకతి ఉంది. బెల్లు కొట్టినా ల్యాబు వదలదు. నీలం నీళ్ళు ఎందుకు తెల్లబడ్డాయి, గాజు ఎందుకు కరగలేదు, ఈ వాసన ఎక్కడిది, అన్నిటికీ ఎందుకు అంటుంది. ‘ఎందుకని అడక్కు’ అనే నీ క్లాసులో ఇమడదు. నన్ను మాస్టారూ అంటుంది. కాదమ్మా, నేను సీసాలు కడిగేవాణ్ణి అంటే, కడిగే మాస్టారు అంది.

వెనక పేజీలో వాక్యాలున్నాయి. చివరి మూడూ అభ్యాసానికి కాదు, ప్రిన్సిపాల్‌కి ఇవ్వాల్సినవి. ‘నీడ్ ఆఫ్ న్యూ ట్యూబ్. డ్యామేజ్ ఆఫ్ ఓల్డ్ ట్యూబ్ ఈజ్ మచ్. డేంజర్ ఫర్ చిల్డ్రన్.’ గొట్టం రోజురోజుకీ విచ్చుకుపోతోంది. టేపు చుట్టి మూడో బల్ల గ్యాస్ కుళాయి కట్టేసి ఉంచాను. దిద్ది తొందరగా పంపు.

సీసాల బాబాయ్


జూలై 29

బాబాయ్,

ఆలస్యమైంది, తిట్టకు. కొత్త బ్యాచిలు రెండు నా నెత్తినే పడ్డాయి, చెల్లెలి పెళ్ళికని ఒక టీచరు సెలవు పెట్టింది. గొంతు పోయి వారం రోజులు సైగలతో పాఠం చెప్పాను.

నీ సొల్యూషన్ సందేహం బలే ఉంది. సీసాలవాళ్ళూ రైటే, నేనూ రైటే. ద్రావణం అయితే ‘ఆఫ్’, చిక్కుముడికి పరిష్కారం అయితే ‘టు’. మాట ఒకటే, అర్థం మారితే వెనకున్నదీ మారుతుంది. దీన్ని మా క్లాసులో చెప్పాను. సీసాల బాబాయ్ ఇప్పుడు మా పిల్లలందరికీ తెలుసు.

వాక్యాలు మెరుగయ్యాయి. ఇరవయ్యో ఎన్నో రాశావు, సగం పైగా సరిగ్గానే ఉన్నాయి. తప్పులు: నీడ్ ఆఫ్ కాదు, నీడ్ ఫర్. డ్యామేజ్ ఆఫ్ కాదు, డ్యామేజ్ టు. డేంజర్ ఫర్ కాదు, డేంజర్ టు. ఈ మూడూ కిందటి ఉత్తరంలో చెప్పినవాటి దగ్గరివే, అయినా తప్పావు. నేను దిద్దినది చూసి రాస్తే చెయ్యి నేర్చుకుంటుంది, బుర్ర నేర్చుకోదు. కాబట్టి నా ఉత్తరం మడిచి పక్కన పెట్టి, మొత్తం మళ్ళీ నీ అంతట నువ్వు రాసి పంపు. తప్పు లేకుండా వచ్చాకే ముందుకెళ్దాం. నా దగ్గర అందరికీ ఇదే పద్ధతి, బాబాయ్ అని మినహాయింపు లేదు.

రెండు జడల పిల్లని ఇటు పంపు. దాని ‘ఎందుకు’లన్నీ తీర్చి పంపుతాను.

నీ పిచ్చుక


ఆగస్టు 9

పిచ్చుకా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే ఏమనుకోకు.

నిన్న ల్యాబులో మంటలు లేచాయి. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లని కలిపి పంపారు, బల్లలు చాల్లేదు. మేడమ్ మూడో బల్ల కూడా తెరవమంది. “ఆ గొట్టం బాగాలేదు మేడమ్” అన్నాను. “ఈ ఒక్క పీరియడ్ సర్దుకోండి, పైవాళ్ళతో నేను పడలేకపోతున్నాను” అంది. నేను తెరవలేదు. సింకు దగ్గర సీసాలు కడుగుతుంటే ఆవిడే వెళ్ళి కుళాయి కట్టు విప్పింది. పుల్ల గీసిన చప్పుడు విన్నాను. తిరిగి చూసేసరికి గొట్టం నోరు తెరుచుకుని మంట బల్ల అంచుదాకా పాకింది.

అక్కడ నిలబడ్డది రెండు జడల పిల్లే. కుడి చెయ్యి చొక్కా చేతితో సహా కాలింది. నేను నా చొక్కా విప్పి సింకులో ముంచి చుట్టాను, పిల్లని వరండాలోకి లాగాను, మళ్ళీ లోపలికెళ్ళి సిలిండర్ కట్టేశాను. నా కనుబొమలు కాలాయి, అంతే. పిల్లని ఆస్పత్రికి నేనే ఎత్తుకెళ్ళాను. అన్నిటికీ ఎందుకు అనే పిల్ల దారిపొడుగునా ఒక్క మాటా అడగలేదు.

నువ్వు మళ్ళీ రాయమన్న కాగితం తప్పు లేకుండా రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం పోస్టు చేద్దామని. చొక్కాతో పాటే అదీ సింకులో మునిగింది.

జరిగినదానికి ఇంగ్లీషులో సంజాయిషీ ఇమ్మని ప్రిన్సిపాల్ నోటీసిచ్చాడు. నాకొచ్చినట్టు రాసి ఇందులో పెట్టాను. గొట్టం వల్లే మంట అని, ‘కాజ్ ఆఫ్ ఫైర్ ఈజ్ ట్యూబ్’ అని సరిగ్గానే రాశాను చూడు. పిల్ల విషయంలో నేను చేయాల్సింది చేశానని కూడా రాశాను, ‘ఐ డిడ్ మై రెస్పాన్సిబిలిటీ టు ద గర్ల్ ఇన్ ద యాక్సిడెంట్’ అని. ఈసారి మళ్ళీ రాయించకు తల్లీ. నువ్వే దిద్ది, నువ్వే నీటుగా రాసి, కొరియర్లో పంపు.

బాబాయ్


ఆగస్టు 12

బాబాయ్,

గుండె ఆగినంత పనైంది. నీకేమీ కానందుకు అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. ఆ పిల్ల కోలుకుంటుంది, చిన్నపిల్లల చర్మం తొందరగా మానుతుంది, దిగులు పెట్టుకోకు.

నీటు కాపీ ఇందులో ఉంది. సంతకం పెట్టి ఇచ్చెయ్. చిన్నచిన్నవి చాలా సర్దాను, పెద్దది ఒకటే. రెస్పాన్సిబిలిటీని ‘డిడ్’ అనరు, ‘యాక్సెప్ట్’ అంటారు. దాని వెనక ‘టు’ కాదు, ‘ఫర్’. మొదటి ఉత్తరంలోనే చెప్పాను. వాక్యం అతుకులబొంతలా ఉంటే పిల్లని, ప్రమాదాన్ని కలిపి నున్నగా చేశాను. ‘ఐ యాక్సెప్ట్ మై రెస్పాన్సిబిలిటీ ఫర్ ద యాక్సిడెంట్ టు ద గర్ల్.’ ఇలాంటి ఇంగ్లీషు చూశాక ఎవరూ ఎర్ర సున్నాలు చుట్టరు.

ఇంకో బ్యాచి వచ్చేసింది, ఉంటాను.

పిచ్చుక


ఆగస్టు 22

పిచ్చుకా,

నీ మాటే నిజమైంది. ప్రిన్సిపాల్ నా కాగితం నిలబడే ఒకసారి, కూర్చుని ఇంకోసారి చదివాడు. ఎర్ర పెన్ను తీయనేలేదు. “ఇంత మంచి ఇంగ్లీషు ఎవరు రాశారు” అన్నాడు. నేను అబద్ధమెందుకాడాలి. మా అన్నయ్య కూతురు, ఇంగ్లీషు నేర్పుతుంది అన్నాను. చెబుతుంటే నాకే ఛాతీ ఉబ్బింది. నీ అడ్రసు అడిగి రాసుకున్నాడు. నీకేదో మంచి జరిగేలా ఉంది.

నన్ను కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమన్నారు, విచారణ అయ్యేదాకా. ఎన్నేళ్ళకో దొరికిన సెలవు అనుకుని పెరటి గోడకి సున్నం కొట్టాను. పిన్నికి మాత్రం ఇదేదీ నచ్చలేదు. “తిట్టాల్సినవాడు మెచ్చుకున్నాడంటే చూసుకోవాలి” అంటుంది. ఆవిడకి అనుమానం ఊపిరితో పాటు వచ్చింది, దానికి ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు.

ఆస్పత్రికి రెండుసార్లు వెళ్ళాను. పిల్ల చెయ్యి మొత్తం కట్టే. నన్ను చూసి, “కడిగే మాస్టారూ, సీసాలు పగిలాయా” అంది. ఒక్కటీ పగల్లేదని చెప్పాను. చాలా పగిలాయి.

నీ సీసాల బాబాయ్


సెప్టెంబర్ 3

బాబాయ్,

ఈ ఉత్తరం ఎగిరొచ్చి నీ చేతిలో పెట్టాలనుంది. మీ ప్రిన్సిపాల్ గారు నాకు రాశారు. స్టాఫ్ అందరికీ ఇంగ్లీషు నేర్పడానికి ఒక టీచరు కావాలట, నన్నే రమ్మన్నారు. ఉండడానికి క్వార్టర్సు, అమ్మకి మెట్లెక్కే బాధ లేకుండా కింది వాటా. చెప్పుల దుకాణం పైనుంచి దిగి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది. మా ఓనరుకి రాజీనామా ముఖాన కొట్టాను, మొదటిసారి ఆయన గడియారం చూసుకోలేదు.

ఇదంతా నీ సంజాయిషీ పుణ్యమే. ‘ఆ ఒక్క పేజీ చాలు మీ స్థాయి తెలియడానికి’ అని రాశారాయన. నెలాఖరుకి వచ్చేస్తున్నాం. ఇక ఉత్తరాలెందుకు, నీ ల్యాబుకొచ్చి బల్ల మీద కూర్చునే పాఠం చెబుతాను.

పిన్నిని మాకు ఇల్లు సర్దడానికి సాయం రమ్మను.

నీ పిచ్చుక


సెప్టెంబర్ 15

పిచ్చుకా,

నీకు మంచి ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. నన్ను తీసేశారు.

ఆర్డరు పోస్టులో వచ్చింది. దాని చుట్టూ ఇంగ్లీషు ఎంతున్నా, నడుమ ఉన్నది నీ వాక్యమే. నువ్వు రాసింది రాసినట్టు ఎత్తి రాసుకున్నారు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. మెచ్చుకున్న వాక్యమే కదా, మళ్ళీ ఎందుకు రాశారో అనుకున్నాను. రెండు జడల పిల్ల వాళ్ళ నాన్న వచ్చాకే తెలిసింది. ఆయన తాళాలు బాగుచేస్తాడు, బజారు మలుపులో చిన్న బడ్డీ. కోర్టు దగ్గర టైపు చేసే ఆవిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ చదివి తెలుగులో చెప్పింది. “ఆ పిల్లకి జరిగిన ప్రమాదానికి బాధ్యుణ్ణి నేనే, ఒప్పుకుంటున్నాను అని రాశారండీ మీరు.”

నేను రాసింది అది కాదు. ఆ పిల్ల పట్ల నా బాధ్యత నేను నెరవేర్చాను అని. ఆవిడ అంది, “అలాగైతే ‘రెస్పాన్సిబిలిటీ’ వెనక ‘టు’ ఉండాలి. ‘ఫర్’ వస్తే తప్పు మీ మీద వేసుకున్నట్టే.” నేను తెలిసి ‘టు’ పెట్టలేదు, ఏదో చేతికొచ్చింది పెట్టాను. కానీ నీకు తెలుసు కదా. మాట ఒకటే, అర్థం మారితే వెనకున్నదీ మారుతుందని నాకు చెప్పింది నువ్వే.

ఉద్యోగం సంగతి అలా ఉంచు. పిల్ల నాన్న స్కూలుకెళ్ళి వైద్యం చేయించమంటే, తప్పు చేసినవాడు ఒప్పుకున్నాడు, వెళ్ళి అతణ్ణి అడుగు అన్నారట. పిల్లకి మూడు వేళ్ళు అతుక్కుపోయాయి. ఇంకో ఆపరేషన్ చేస్తే గానీ విడవవు. గొట్టం మార్చమని అడిగానని చెబితే, అడిగిన కాగితం ఏది అన్నారు. ఏం చూపించను. తిప్పి పంపిన తెలుగు చీటీ ఆ రోజే చింపేశాను. బోర్డు మీద పెట్టినదాన్ని వాళ్ళే తీసేశారు. రెండోది నీ దగ్గరికీ నా దగ్గరికీ తిరిగి తిరిగి సింకులో పోయింది. మేడమ్ ఆ రోజు సెలవులో ఉన్నట్టు నోరు మెదపడం లేదు.

తాళాలాయన నన్ను తిట్టడానికే వచ్చాడు, టీ తాగి వెళ్ళాడు. వెళ్తూ, “మీరు ఒప్పుకోకపోయి ఉంటే వాళ్ళు తప్పించుకునేవాళ్ళు కాదు” అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆయన పెట్టిన కేసు విచారణకొస్తోంది. నీ ఉత్తరం ఒక్కటి చూపిస్తే చాలదంది టైపు చేసే ఆవిడ, నువ్వు వచ్చి ఒక్క మాట చెప్పు. ఈ వాక్యం ముందు ఇలా ఉండేది, నేను దిద్దాను, మా బాబాయ్ చెప్పింది వేరు అని. నా పాత కాగితం నీ దగ్గరుంటే తీసుకురా. నా ఉద్యోగం కోసం కాదు. పిల్ల చెయ్యి కోసం.

ఫోను చేస్తే తీయడం లేదు. ఇల్లు మారే హడావిడి అనుకుంటున్నాను.

బాబాయ్


సెప్టెంబర్ 29

గౌరవనీయులైన బాబాయ్‌గారికి,

మేము వచ్చి ఆరు రోజులైంది. ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరం రాస్తున్నానని బాధపడకండి. ఇప్పుడు మీ ఇంటికి రావడం చూసేవాళ్ళకి బాగుండదు. మీకూ మంచిది కాదు.

మీ ఉత్తరం చాలాసార్లు చదివాను. జరిగిందంతా నా తప్పే అన్నట్టు రాశారు. మీరు పంపినదాన్ని మీరు అడిగారనే దిద్దాను, ఒక్కపూటలో, క్లాసు మానుకుని. ‘రెస్పాన్సిబిలిటీ’ తర్వాత ‘ఫర్’ రావడం వ్యాకరణం ప్రకారం సరైనదే, ఏ పుస్తకమైనా చూసుకోవచ్చు. సంతకం పెట్టేముందు అర్థం ఏమిటని మీరు ఒక్కమాట అడిగి ఉండాల్సింది. పాత కాగితం ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చిత్తుకాగితాల్లో పోయింది.

నా పరిస్థితి కూడా ఆలోచించండి. అక్కడ ఉద్యోగం వదిలేశాను. నాన్న లేరు, అమ్మకి నేనే దిక్కు. చేరిన వారానికే స్కూలుకి ఎదురు సాక్ష్యం చెబితే నన్ను ఉంచుతారా. నన్నూ తీసేస్తే ఎవరికి లాభం. లోపలుంటేనే ఏదైనా చేయగలను. ప్రిన్సిపాల్ గారు మీరనుకునేంత కఠినులు కాదు. అదను చూసి మీ మాట ఎత్తుతాను. ల్యాబులో గొట్టాలన్నీ కొత్తవి వేయించారు, నా గది దాని పక్కనే.

ఆ పిల్ల విషయంలో నాకూ బాధగానే ఉంది.

పిన్నిగారిని అడిగానని చెప్పండి. దయచేసి స్కూలు నంబరుకి ఫోను చేయకండి.

ఇట్లు
మీ అన్నగారి కుమార్తె


అక్టోబర్ 10

పిచ్చుకకి,

నన్ను ‘మీరు’ అన్నావు. చదువుతూ అక్కడే ఆగిపోయాను. పిన్ని నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని తను పూర్తిచేసింది, మడిచి ఇచ్చింది.

నీకు త్వరలో ఒక పిలుపు వస్తుంది. అది ఎందుకొచ్చిందో వాళ్ళ నోటా వీళ్ళ నోటా కాకుండా నా నుంచే తెలియాలని ఈ ఉత్తరం.

నిన్న తాళాలాయన పెట్టిన కేసులో విచారణ జరిగింది. ఇరుకు గది, గోడల పొడుగునా ఫైళ్ళు, నాలుగు కుర్చీలు. ప్రిన్సిపాల్ ఒక దాంట్లో, వాళ్ళ వకీలు ఒక దాంట్లో. మేము బెంచీ మీద. నేను ఇంగ్లీషులో చెప్పాలేమోనని ముందురోజంతా వాక్యాలు కూడబలుక్కున్నాను. అధికారి పెద్దావిడ. నా ముఖం చూసి, “తెలుగులో చెప్పండి, అలాగే రాసుకుంటాను” అంది. ఇన్ని నెలల తర్వాత నేను మాట్లాడితే ఒకరు దిద్దకుండా రాసుకోవడం చూశాను.

పిల్లని అడిగింది. పిల్ల చెప్పింది, “ఆ బల్ల మాస్టారు కట్టేశారు. మేడమ్ విప్పారు. నేను ఎందుకని అడిగాను, టైము లేదన్నారు.” ప్రిన్సిపాల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వకీలు లేచి నా కాగితం ముందు పెట్టాడు. ఒప్పుకున్న తర్వాత ఇక విచారణేమిటన్నాడు.

“ఈ సంతకం మీదేనా” అంది ఆవిడ.

“నాదే.”

“వాక్యం?”

“నేను రాసింది వేరు. దిద్దితే ఇలా మారింది. చదివి అర్థం చేసుకునే తెలివి నాకు లేదు. దిద్దినవాళ్ళ మీద నమ్మకంతో సంతకం పెట్టాను.”

“ఎవరు దిద్దారు?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పిన్నికీ తెలుసు. పొద్దున బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి, “మీ అన్నగారి రక్తమండీ అది. దాని నోటికాడి కూడు పోతుంది. నేనే రాసుకున్నానని అనేయండి, మనకి పోయేదేముంది, పోయిందెలాగూ పోయింది” అంది. దారంతా అలాగే అనాలనుకుంటూ వెళ్ళాను. అన్నయ్య పోయిన రోజు నీ చెయ్యి పట్టుకుని నేను ఏం చెప్పానో కూడా గుర్తుచేసుకున్నాను.

పిల్ల నా పక్కనే కూర్చుని ఉంది. వాళ్ళ నాన్న దాని చేతికి గుడ్డ తీసి ఆవిడకి చూపించి మళ్ళీ చుడుతున్నాడు. మూడు వేళ్ళు ఒక్కటిగా ఉన్నాయి. నేనే రాసుకున్నానంటే వాక్యం నాదవుతుంది, వాక్యం నాదైతే ఆ వేళ్ళు అలాగే ఉంటాయి.

పేరు చెప్పాను. ఆవిడ రాసుకుంటూ, “మీకేమవుతుంది” అని అడిగింది.

అన్న కూతురని చెప్పలేదు. ఆ స్కూల్లో ఇంగ్లీషు టీచరని చెప్పాను.

ఇట్లు
ల్యాబులో పనిచేసినవాడు